ఒకే విమానం... రెండు వలసలు!

అక్కడ విమానాశ్రయం లేదు. కానీ విమానం ఎక్కినవాళ్లకు మాత్రం కొదవలేదు. ఎడారి దేశాలకు ఎగిరే ఆ విమానాల వెనక సీట్లలో ఉండేది మేస్త్రీలూ, కూలీలూ, డ్రైవర్లూ. మరి ముందున్న కాక్‌పిట్‌లో? అక్కడా సొంతగడ్డ మీద సరైన కొలువు దొరక్క బయల్దేరినవాళ్లు ఉండొచ్చు! కామారెడ్డి జిల్లా పిట్లం నుంచి శంషాబాద్ దాకా సాగే దారి చెప్పే కథ ఇది.

మూడు రాష్ట్రాల ముంగిట...

హైదరాబాద్ నుంచి సంగారెడ్డి, జోగిపేట, శంకరంపేట, నిజాంపేటల మీదుగా నాందేడ్ వైపు సాగిపోయే 161వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది పిట్లం. నగరం నుంచి రమారమి 130-140 కిలోమీటర్లు. ఇంకాస్త ముందుకెళితే మద్నూరు. అదీ దాటితే మహారాష్ట్ర. పక్కకు తిరిగితే కర్ణాటకలోని బీదర్ జిల్లా. అందుకే ఈ ప్రాంతంలో తెలుగుతో పాటు మరాఠీ, కన్నడ, ఉర్దూ, లంబాడా మాటలూ కలగలిసి వినిపిస్తాయి. బాన్సువాడ డివిజన్లోని ఈ మండల కేంద్రం 2016 అక్టోబరు దాకా నిజామాబాద్ జిల్లాలో ఉండేది. తర్వాత కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది.

ఈ చుట్టుపక్కల ఎక్కడికెళ్లినా మంజీర ప్రస్తావన రాకుండా ఉండదు. ఆ నది మీద 1923లో మొదలై 1931కి పూర్తయిన నిజాంసాగర్ ఇక్కడికి దగ్గరే. నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే గొప్ప ఇంజినీరు పర్యవేక్షణలో కట్టిన ఆ ప్రాజెక్టు నీళ్లతో బాన్సువాడ, బోధన్ ప్రాంతాల్లో వరీ చెరకూ పండాయి. 1930ల్లోనే బోధన్‌కు చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. అయితే కాల్వ నీళ్లు అన్ని ఊళ్లకూ అందవు కదా! ఎత్తు మీదున్న నేలలు వాననే నమ్ముకున్నాయి. తండ్రి మబ్బు కోసం ఆకాశం వైపు చూస్తే, కొడుకు విమానం కోసం చూడటం మొదలుపెట్టాడు.

‘దుబాయ్ పోయిండు’

ఉమ్మడి నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల్లో ‘దుబాయ్ పోయిండు’ అన్న మాట వినని ఊరు ఉండదేమో! పోయింది మస్కట్‌కైనా, రియాద్‌కైనా, దోహాకైనా... ఊళ్లోవాళ్ల లెక్కలో అన్నీ దుబాయే. ఆ ప్రయాణానికి ఓ వరస ఉంది. ముందు పాస్‌పోర్టు. తర్వాత ఏజెంటు. ఆ తర్వాత వీసా డబ్బులు. దానికోసం భూమి కుదువ పెట్టడమో, మిత్తికి తేవడమో. ఆపైన మెడికల్. పదో తరగతి దాటనివాళ్లకైతే ఎమిగ్రేషన్ క్లియరెన్సు కూడా ఉండాలి. అన్నీ అయ్యాక ఓ రాత్రి బంధువులంతా జీపులో వెంటవచ్చి సాగనంపుతారు. మొదటి ఏడాదో రెండేళ్లో సంపాదించేది అప్పుకే సరి. అసలు సంపాదన మొదలయ్యేది ఆ తర్వాతే.

అందరికీ అచ్చిరాదు. చెప్పిన పని ఒకటి, ఇచ్చిన పని మరొకటి అయితే కంపెనీ నుంచి పారిపోయి ‘ఖల్లివెల్లి’గా మిగిలినవాళ్లున్నారు. 2007లోనూ, 2018లోనూ యూఏఈ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఉత్త చేతులతో తిరిగొచ్చినవాళ్లలో తెలంగాణ పల్లెలవాళ్లు చాలామంది. అయినా వలస ఆగలేదు. మరోపక్క తెలంగాణ పొలాల్లో వరి నాట్లకు బిహార్, ఉత్తరప్రదేశ్, పశ్చిమబెంగాల్ నుంచి కూలీలు వస్తున్నారు. ఇక్కడివాళ్లు అక్కడికి, అక్కడివాళ్లు ఇక్కడికి!

ఒకప్పుడు గల్ఫ్ వెళ్లాలంటే ముంబయికి రైలెక్కేవారు. ఇప్పుడా శ్రమ లేదు. నాలుగు వరసల రోడ్డు మీద కంది దాకా వచ్చి, అక్కణ్నుంచి పటాన్‌చెరు దగ్గర ఔటర్ రింగురోడ్డు ఎక్కితే శంషాబాద్. 2008 మార్చిలో ఆ విమానాశ్రయం మొదలయ్యాక దూరదేశం మరింత దగ్గరైంది. పొరుగున నిజామాబాద్ జిల్లాలోని జక్రాన్‌పల్లి దగ్గర విమానాశ్రయం కడతామన్న ప్రతిపాదన ఏళ్లుగా వినిపిస్తున్నా అక్కడింకా విమానం దిగలేదు. 

బేగంపేటలో పుట్టిన కల

వెనక సీట్ల సంగతి అది. ఇక కాక్‌పిట్ సంగతి చూడాలంటే శంషాబాద్ కన్నా ముందు బేగంపేట వెళ్లాలి. 1930ల్లోనే హైదరాబాద్ ఏరో క్లబ్బు విమానాలు ఎగిరిన నేల అది. నిజాం స్టేట్ రైల్వేకి వాటా ఉన్న దక్కన్ ఎయిర్‌వేస్ 1940ల్లో అక్కణ్నుంచే సర్వీసులు నడిపింది. 1947లో కమర్షియల్ లైసెన్సు సంపాదించిన ప్రేమ్ మాథుర్‌ని ఆడపిల్ల అన్న కారణంతో కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి కాదన్నాయి. చివరికి ఉద్యోగమిచ్చింది ఈ హైదరాబాదీ సంస్థే. అంటే... లైసెన్సు చేతిలో ఉండీ పిలుపు కోసం ఎదురుచూడటమన్నది మన దేశంలో పైలట్ ఉద్యోగమంత పాతది! 1953లో ఎయిర్‌లైన్సు జాతీయం కావడంతో దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయినా బేగంపేటలో శిక్షణ విమానాలు ఆగలేదు.

ఇంటర్లో లెక్కలూ ఫిజిక్సూ, క్లాస్-1 మెడికల్, నావిగేషన్ నుంచి వాతావరణ శాస్త్రం దాకా డీజీసీఏ పరీక్షలు, వీటితో పాటు 200 గంటలు ఎగిరిన అనుభవం... ఇవన్నీ ఉంటేనే కమర్షియల్ పైలట్ లైసెన్సు. ఖర్చు అర కోటి దాటుతోంది. అక్కడితో అయిపోదు. ఎయిర్‌బస్ ఎ320, బోయింగ్ 737 లాంటి ఏదో ఒక రకం విమానం నడిపేందుకు ‘టైప్ రేటింగ్’ తెచ్చుకోవాలి. దానికి మరో పదిహేను లక్షల దాకా అవుతుంది. వీసా డబ్బుల కోసం ఎకరం కుదువ పెట్టే ఇంటికీ, కాక్‌పిట్ కోసం ప్లాటు అమ్ముకునే ఇంటికీ తేడా అంకెల్లోనే. సంపాదన కన్నా ముందే అప్పు పుడుతుంది రెండిళ్లలోనూ.

లైసెన్సుంది... పిలుపేదీ?

ఈ ఉద్యోగాల్లో వరద, కరవు రెండూ ఎక్కువే. 2003లో ఎయిర్ డెక్కన్ మొదలై టికెట్ ధర దిగొచ్చింది. 2005లో స్పైస్‌జెట్, కింగ్‌ఫిషర్, గోఎయిర్, 2006లో ఇండిగో బరిలోకి దిగాయి. పైలట్లు చాలక విదేశీ కెప్టెన్లను రప్పించారు. ఆ సందడి చూసి వందల మంది అప్పులు చేసి మరీ శిక్షణకు వెళ్లారు. వాళ్లు తిరిగొచ్చేసరికి 2008 వచ్చింది. చమురు ధర, ఆర్థికమాంద్యం కలిసి నియామకాలకు గండికొట్టాయి. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్... ఒక్కో సంస్థ నేల మీదే ఆగిపోయినప్పుడల్లా అనుభవమున్న పైలట్లు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. వాళ్లు క్యూలో ముందు నిలబడితే కొత్తవాళ్లు మరింత వెనక్కి జరగక తప్పదు కదా!

విచిత్రమేంటంటే, మంచి రోజుల్లోనూ ఆ క్యూ తరగడం లేదు. 2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లిచ్చాయి. అదే ఏడాది డీజీసీఏ రికార్డు స్థాయిలో 1,622 కమర్షియల్ లైసెన్సులు ఇచ్చింది. కానీ ఆర్డరిచ్చిన విమానం మర్నాడే రాదు. కొన్నేళ్లు పడుతుంది. ఇంజిన్ల సమస్యతో 2024 ఆరంభంలో డెబ్భైకి పైగా ఇండిగో విమానాలు ఎగరకుండా నిలిచిపోయాయి. ఎగరని విమానానికి పైలట్ అక్కర్లేదు.

మరోపక్క 2025 డిసెంబరులో, పైలట్ల విశ్రాంతికి సంబంధించిన కొత్త నిబంధనలకు సరిపడా ఏర్పాట్లు లేక అదే ఇండిగో కొద్దిరోజుల్లోనే వేల సర్వీసులు రద్దు చేసుకుంది. పైలట్లు చాలరు, పైలట్లకు ఉద్యోగాలు లేవు... రెండూ నిజమే! కారణం, విమానానికి కావాల్సింది ఇద్దరు. వారిలో ఒకరు తప్పనిసరిగా కెప్టెన్. ఆ సీట్లో కూర్చోవడానికి కావాల్సిన ఏటీపీఎల్ అనే పెద్ద లైసెన్సుకు కనీసం 1,500 గంటల అనుభవం ఉండాలి. అంటే కొన్నేళ్ల పని. 200 గంటల కుర్రాడు ఎంతమంది ఉన్నా పక్కన కెప్టెన్ లేకపోతే విమానం లేవదు.

అక్కడేముంది?

సరిగ్గా ఆ కెప్టెన్ల మీదే విదేశీ సంస్థల కన్ను. 1985లో దుబాయ్‌లో పుట్టిన ఎమిరేట్స్, ఆ తర్వాత వచ్చిన ఖతార్ ఎయిర్‌వేస్, ఎతిహాద్ ఖండాలు దాటే పెద్ద విమానాలు నడుపుతాయి. అక్కడి జీతం మీద ఆదాయపన్ను ఉండదు. ఇల్లు లేదా ఇంటి అద్దె, పిల్లల చదువు ఖర్చు లాంటివీ ఇస్తారు. ఇక్కడ ఎప్పుడు మూతపడుతుందో తెలియని కంపెనీలో జీతం కోసం ఎదురుచూసిన మనిషికి అంతకన్నా ఏం కావాలి? పైగా దుబాయ్ మనకు నాలుగు గంటల దూరమే.

ఇలా వెళ్లిపోతున్నారనే 2017లో డీజీసీఏ ఉద్యోగం మానాలనుకునే కెప్టెన్లు ఏడాది, కో-పైలట్లు ఆర్నెల్లు ముందుగా నోటీసు ఇవ్వాలని నిబంధన పెట్టింది. ప్రయాణికులు ఇబ్బంది పడకుండా అని ప్రభుత్వం, కాళ్లకు సంకెళ్లని పైలట్లు... ఎవరి వాదన వాళ్లది. పనివాడి పాస్‌పోర్టు అట్టిపెట్టుకునే కఫీల్ పద్ధతికీ దీనికీ పోలిక లేదు కానీ, అనుభవమున్న పనివాడిని పోనివ్వకూడదన్న ఆరాటం మాత్రం అంతటా ఉంది.

నష్టం మరొకటుంది. ఒక కెప్టెన్ దేశం దాటితే ఆ స్థానంలోకి కొత్త కుర్రాడు రాలేడు. పైగా అతని పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిన అవకాశమూ పోతుంది. పెద్దవాళ్ల వలస చిన్నవాళ్ల నిరీక్షణను ఇంకాస్త పొడిగిస్తుంది.

2020 చెప్పిన పాఠం

గల్ఫ్ కొలువు బంగారు గుడ్డు పెట్టే బాతేనా? కరోనా వచ్చి ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది. 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు దేశంలో విమానాలు ఆగిపోయాయి. గల్ఫ్ సంస్థలు వందల మంది పైలట్లను తీసేశాయి. పరాయి దేశంలో ఉద్యోగం పోతే నివాస వీసా కూడా పోయినట్టే. కెప్టెన్ కూడా సామాన్లు సర్దుకోవాల్సిందే. అదే సమయంలో, మే 7 నుంచి మొదలైన వందే భారత్ విమానాలు పనిపోయిన కూలీలను ఇళ్లకు చేర్చాయి. లక్షల జీతగాడూ, రోజుకూలీ... ఇద్దరూ ఒకే ఏడాది, ఒకే కారణంతో ఇంటిదారి పట్టారు. తర్వాత పరిస్థితులు కుదుటపడగానే ఇద్దరూ మళ్లీ అదే దారి పట్టారు.

లెక్క చూసుకుని...

పిట్లం ప్రాంతంలో అనుభవమున్న పెద్దలు గల్ఫ్ వెళ్లే కుర్రాడిని కొన్ని ప్రశ్నలు అడుగుతారు. వీసా కంపెనీదా, ఆజాద్ వీసానా? జీతమెంత, ఒప్పందం కాగితం మీద ఉందా? అప్పు ఎన్నాళ్లకు తీరుతుంది? పైలట్ కావాలనుకునే పిల్లల ఇళ్లలోనూ అవే ప్రశ్నలు పనికొస్తాయి. ఫీజు కట్టేముందే క్లాస్-1 మెడికల్ చేయించుకోవాలి. కళ్లూ చెవులూ గుండే సరేనని తేలాకే మిగతా మాట. శిక్షణ సంస్థలో ఎన్ని విమానాలు నిజంగా ఎగురుతున్నాయో, 200 గంటలు పూర్తికావడానికి ఎన్నాళ్లు పడుతోందో అక్కడి పాత విద్యార్థుల్ని అడగాలి. లైసెన్సు వచ్చాక ఒకటి రెండేళ్లు జీతం లేకున్నా వాయిదాలు కట్టగలమా అన్నది ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాలి. ఎగరకుండా కూర్చుంటే రేటింగుల గడువు తీరిపోతుంది. వాటిని నిలబెట్టుకోవడానికి మళ్లీ డబ్బు కట్టి ఎగరాలి. ఆ ఖర్చునూ లెక్కలో వేసుకోవాలి. విదేశీ అవకాశాన్ని మొదటి మెట్టుగా కాక, వేల గంటల తర్వాత వచ్చే మజిలీగా చూడాలి.

ఈ ప్రాంతానికి పొరుగునే ఉన్న బీదర్‌లో వాయుసేన శిక్షణ కేంద్రం ఉంది. విన్యాసాల సూర్యకిరణ్ బృందానిదీ ఆ ఊరే. ఎగరాలన్న కోరిక ఏ పిల్లాడికైనా పుడుతుంది, తప్పులేదు. కాకపోతే వాళ్ల నాన్నకు కాగితం, కలం పట్టుకుని లెక్క వేయడం కూడా తెలియాలి. అప్పు చేసి విమానమెక్కి తిరిగొచ్చినవాళ్లున్న ఊళ్లలో ఆ లెక్క నేర్పేవాళ్లకు కొరతేం లేదు. వాళ్లను అడిగితే చాలు.