జంటపేరు

మా పాఠశాల సాహితీసంఘపు వార్షికోత్సవమునకై నేనును నా మిత్రుడును గలిసి యైదు పద్యములు రచించితిమి. అతడు దివిసీమవాడు, నేను గుడివాడవాడను. వసతిగృహమున మా మంచములు ప్రక్కప్రక్కనే యుండెడివి. సభలో మూడవ పద్యమునకు మిక్కిలి కరతాళధ్వనులు చెలరేగెను. అది నాదని నేను పలువురతో జెప్పుకొంటిని. నిజమునకు దాని యెత్తుగడ నాది, ముగింపు అతనిది. ఆ మాట అతని చెవిని బడెను. పది దినములు అతడు నాతో బలుకలేదు.

మా తెలుగు పండితులవారు సంగతి నెఱిగియు మమ్ము మందలింపక, ఒకనాటి సాయంకాలము తిరుపతి వేంకటకవుల చరిత్రమును వినిపించిరి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1870లోను, దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1872లోను జన్మించిరి. చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి యొద్ద సహాధ్యాయులై, పిమ్మట నవధానములు చేయుచు ఆంధ్రదేశమెల్ల దిరిగి, సంస్థానములయందు సన్మానము లందిరి. వారి పాండవోద్యోగ విజయ నాటకముల పద్యములు పల్లెపల్లెను మాఱుమ్రోగినవి. గుడివాడ చెంత చౌటపల్లెలో 1922లో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారి గళమున వానిని మనము నేటికిని వినుచున్నాము. వినువారెవ్వరును ఏ పద్య మెవరిదని యడుగరు.

1920లో తిరుపతిశాస్త్రిగారు గతించిరి. వేంకటశాస్త్రిగారు 1950 వఱకు జీవించిరి. ఆ ముప్పది యేండ్లలో తా మొక్కరే రచన సాగించియు, ఆ జంటపేరును మాత్రము విడిచినవారు కారు. వారు మన బందరులో హిందూ ఉన్నత పాఠశాలయందు తెలుగు బోధించిరి. వారి శిష్యులలో పింగళి లక్ష్మీకాంతముగారును కాటూరి వేంకటేశ్వరరావుగారును మఱియొక జంటయై, సౌందరనందకావ్యమును రచించి గురువుగారికే యంకితము చేసిరి. గురువులు నేర్పినది ఛందస్సు మాత్రమే కాదని దీనివలన దెలియుచున్నది.

"పోయినవాని పాలు కూడ నిలిపిన మహనీయు డాయన; మీ రిరువురును బ్రదికియుండియే పంపకములు చేసికొనుచున్నారు" అని పండితులవారు నవ్విరి. నాకు మాత్రము నవ్వు రాలేదు.

ఆ రాత్రి నేను పద్యములను శుద్ధప్రతి వ్రాసి, క్రింద అతని పేరును ముందుగను, నా పేరును తరువాతను ఉంచి, ఆ కాగితమును అతని తలగడ క్రింద బెట్టితిని. తెల్లవాఱి చూతునుగదా, అది నా పుస్తకములో నుండెను. రెండు పేర్ల నడుమనున్న కామాను అతడు కొట్టివేసియుండెను.

చదువరులారా! మా పద్యము లెన్నడైన ఈ సంచికలో వెలువడినచో, ఏది యెవరిదని దయచేసి మమ్మడుగవలదు.