ప్లేటు మార్చితే సరిపోదు: మద్దేడ్ షెడ్డులో ఒక పూట

హైదరాబాద్ నుంచి ఏటూరునాగారం మీదుగా వచ్చే 163వ నంబరు జాతీయ రహదారి భోపాలపట్నం దగ్గర 63వ నంబరు రోడ్డులో కలుస్తుంది. అక్కడి నుంచి బీజాపూర్ వైపు వెళ్తే తగులుతుంది మద్దేడ్. రాష్ట్రం ఛత్తీస్‌గఢ్, బోర్డులు హిందీలో. నేను చూడబోయిన మెకానిక్ షెడ్డుకు ఆ బోర్డు కూడా లేదు. లోపల మాటంతా తెలుగే, మధ్యమధ్య హిందీ.

అడవి దారుల్లో తిరిగే పాత ఫోర్‌వీల్ జీపు ఒకటి వచ్చి ఆగింది.

"అన్నా, ఇంజన్ అరుస్తది గానీ బండి లాగుతలేదు. ప్లేటు పోయింది, మార్చెయ్" అన్నాడు డ్రైవర్. వాగు గట్టు ఎక్కుతుంటే కాలిన వాసన కూడా వచ్చిందట.

మేస్త్రీ పానా ముట్టలేదు. చక్రాలకు రాళ్లు పెట్టించి, హ్యాండ్‌బ్రేక్ లాగి, నాలుగో గేరు వేసి, కాస్త రేజు చేస్తూ క్లచ్ మీంచి కాలు తీశాడు. క్లచ్ పట్టు బాగుంటే ఇంజన్ టక్కున ఆగిపోవాలి. ఇది తిరుగుతూనే ఉంది. జారుతున్న మాట నిజమే, ఎందుకన్నది తేలాలి. పెడల్‌ను చేత్తో నొక్కాడు, పైన కొంత ఆట ఉంది. అది లేకపోతే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ప్రెషర్ ప్లేటును నొక్కే ఉంచుతుంది, కొత్త ప్లేటు వేసినా జారుతుంది. స్లేవ్ సిలిండర్ నిపిల్ వదులు చేసి లైన్లో ఒత్తిడి నిలిచిపోయిందేమో చూశాడు. అదీ కాదు. చివరికి బండి కింద పడుకుని బెల్ హౌసింగ్ అడుగున వేలు రాసి బయటికొచ్చాడు. వేలంతా నల్లటి నూనె.

"ఇంజన్ ఆయిలే. గేరాయిలైతే వాసన ఘాటుగుంటది."

అంటే క్రాంక్ వెనకాల ఆయిల్ సీల్ కారుతోంది. చూడకుండా ప్లేటు ఒక్కటే మార్చి ఉంటే కొత్తదీ తడిసేది.

ఫోర్‌వీల్ బండిలో అసలు చాకిరీ విప్పడమే. ముందూ వెనకా ప్రొపెల్లర్ షాఫ్టులు తీసి, గేర్‌బాక్సునూ ట్రాన్స్‌ఫర్ కేసునూ కలిపే దింపారు. ప్లేటు రివెట్ల దాకా అరిగింది, ఒక వైపు నూనె మాడి గాజులా మెరుస్తోంది. ఫ్లైవీల్ మీద వేడికి నీలం మచ్చలు. గోరుతో గీసి చూశాడు, నెర్రెలు లేవు, ఎమిరీ పేపరుతో సరిపోయింది. బేరింగ్ పాతదే ఉంచమని డ్రైవర్ బేరం. ఇంత విప్పాక పాత బేరింగ్ ఎక్కించడం నా దృష్టిలో దండగ. మేస్త్రీ కూడా వినలేదు.

సీల్ మార్చాక చేతులు పెట్రోలుతో కడుక్కుని కొత్త ప్లేటు పట్టుకున్నాడు. తుక్కులో దొరికిన పాత గేర్‌బాక్సు షాఫ్టు దూర్చి ప్లేటును నడిమికి తెచ్చాడు. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాడు.

"వాగులో లో గేరు ఏస్తవా?" అని అడిగాడు.

"టైమ్ పడ్తది గద, హాఫ్ క్లచ్‌ల దాటిస్త" అన్నాడు డ్రైవర్.

మీ బండికి లో గేరు లివరుంటే వాగులో దిగకముందే వేయండి. చక్రాలకు బలం గేర్ల నుంచే వస్తుంది, క్లచ్‌ను సగం తొక్కి ఈడ్వక్కర్లేదు. కాలిన వాసన వస్తే ఆగి చల్లారనివ్వండి. ప్లేటు కొనేముందు బెల్ హౌసింగ్ అడుగున తడి ఉందేమో చూడమని మీ మెకానిక్‌ను అడగండి.