ఎండుటాకుల పాఠము

2019వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున మా తొమ్మిదవ తరగతి బాలబాలికలను వెంటబెట్టుకొని కాగజ్‌నగర్ సమీపమందలి బెజ్జూరు అడవికి పోయితిని. అంతకుముందు వారమే భూగోళపాఠమున అమెజాను వర్షారణ్యమును వర్ణించియుంటిని. ఎండ నేల సోకని పచ్చదనము, చెట్లను పెనవేసికొన్న లతలు, ఇవియే పిల్లల మనస్సులలో నిండియుండెను. తీరా చూడగా మా యెదుట ఆకురాల్చిన టేకుచెట్లును, కాలిక్రింద గలగలలాడు ఎండుటాకులును కనబడెను. అక్కడక్కడ మోదుగలు మాత్రము ఎఱ్ఱగా పూచియుండెను.

"ఇదేనా అడవి, సారూ?" అని యొక బాలిక చిన్నబోయి యడిగెను.

"అమ్మా, అమెజాను ప్రాంతమున ఏటికి 2,000 మిల్లీమీటర్లకు మించి వాన కురియును. మనకు సుమారు 1,000 మిల్లీమీటర్లు కురిసినను, అందు అధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు వఱకే. తక్కిన మాసములు నీటిని పొదుపు చేసికొనుటకే ఈ చెట్లు ఆకులు రాల్చును" అని చెప్పితిని. చెప్పుచుండగనే నాకు సిగ్గు కలిగెను. దూరపు అడవికి ఒక దినమంతయు వెచ్చించిన నేను, మా గుమ్మము ముందరి అడవిని తరగతిలో రెండు వాక్యములతో ముగించియుంటిని.

మాతో వచ్చిన అటవీ ఉద్యోగి నల్లమద్ది బెరడు చూపెను. అది మొసలి చర్మమువలె నుండెను. మహారాష్ట్రమందలి తాడోబా నుండి, 2012లో పులుల సంరక్షణ కేంద్రముగా ప్రకటింపబడిన కవ్వాలు వైపునకు పులులు ఈ యడవుల మీదుగనే నడచునని చెప్పగా పిల్లలు ఒకరికొకరు దగ్గరగా జరిగిరి.

పిమ్మట ఒక వెదురుపొదను చేరితిమి. 1942లో పని మొదలుపెట్టిన కాగితపు మిల్లునకు తొలుత ఈ యడవుల వెదురే ముడిసరకు. తరువాత తోటలలో పెంచిన నీలగిరి, సుబాబుల్ కఱ్ఱయు వచ్చి చేరెను. మా యూరి పేరే కాగితమునుబట్టి వచ్చినది.

అప్పుడొక బాలుడు మెల్లగా ననెను: "సారూ, 2014లో మిల్లు మూతపడినప్పుడు మా నాయన కూలికై పట్నము పోయినాడు. 2018లో తెఱచినాకనే ఇంటికి వచ్చినాడు. చెట్టు కొట్టకున్న మిల్లు నడువదు, కొట్టిన అడవి యుండదు. మేమేది కోరవలె?"

నాకు వెంటనే మాట రాలేదు. ఆ యుద్యోగియే పొద చెంత కూర్చుండి, "బాబూ, వెదురు గడ్డిజాతి. ఈ యేటి లేతబొంగులను ముట్టరాదు. కొన్ని ముదురుబొంగులను వానికి ఆనికగా విడిచి తక్కినవి తీయవచ్చును. వాన పడగానే మరల మొలకలు లేచును. అన్నిటిని నఱికినచో పొద చచ్చును" అని చూపెను. బాలుడు విడువవలసిన బొంగులను వ్రేలితో లెక్కించుచు చాలసేపు అచ్చటనే నిలిచెను.

అతని ప్రశ్నకు అది పూర్తి సమాధానము కాదని నేనెఱుగుదును. అయినను ఆనాటినుండి నా తరగతిలో రెండు మార్పులు జరిగినవి. మన యడవి పాఠము మొదట చెప్పుచున్నాను. కాగితమునకు ఒకవైపే వ్రాయుడని చెప్పుట మానితిని. ప్రియ బాలబాలికలారా, మీ పాత పుస్తకములలో మిగిలిన తెల్లపుటలను పాఱవేయక, వేసవిలో కుట్టుకొని తెచ్చుకొనుడు.