చక్రం మీది అంకె

మానవుడు పనిముట్టును సృష్టించాడు. ఆ పనిముట్టే అతని బ్రతుకును తీర్చిదిద్దింది. దక్షిణ తెలంగాణా పీఠభూమిలో పుట్టిన వారికి ఈ సత్యాన్ని ప్రత్యేకించి బోధింప పనిలేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలది రాతి నేల. ఎటు చూచినా గుట్టలు, బండలు, ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న గుండ్లు. వానలు మొగం చాటు చేసి సేద్యం ఆదుకొనని ఏండ్లలో ఈ రాయే ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయపు స్తంభాలను చెక్కినవారు, దేవరకొండ కోట గోడలను పేర్చినవారు, 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడిన నాగార్జునసాగర్ రాతి ఆనకట్టకు చెమటోడ్చినవారు, అందరూ రాతితో చెలిమి చేసినవారే. పాలమూరు కూలీ చేయి సోకని ఆనకట్ట ఈ దేశంలో అరుదని పెద్దలు చెప్పుకొనుట మనం విన్నదే.

నాడు రాతిపనివాని సంపద ఉలి, సుత్తి, సానరాయి. నేడు గ్రానైటు షెడ్లలో ఉలి చప్పుడు తగ్గి, దాని స్థానంలో చెవులు గింగురుమనే మరొక చప్పుడు వినవస్తున్నది. అది గాలి గ్రైండర్ చప్పుడు. గ్రైండర్ అనగానే మన ఇండ్లలో పిండి రుబ్బే యంత్రం స్ఫురించవచ్చు. నేను ప్రస్తావిస్తున్నది అది కాదు. ఇది రెండు చేతులతో పట్టుకొని రాతి అంచులను కోసే, అరగదీసే, మెరుగుపెట్టే పరికరం. షెడ్డు మూలన ఉన్న కంప్రెసర్ గాలిని నొక్కిపెట్టి తొట్టిలో నింపుతుంది. రబ్బరు గొట్టం ద్వారా ఆ గాలి గ్రైండర్‌లో ప్రవేశించి, లోపల పలుచని రెక్కలు గల ఇరుసును గిర్రున త్రిప్పుతుంది. ఆ ఇరుసుకు బిగించిన చక్రమే రాతిని కోస్తుంది. రాతిపనిలో నీరు చల్లుతూ పని చేయవలసి ఉంటుంది గనుక కరెంటుతో నడిచే గ్రైండర్ కంటే ఇది మేలు, షాకు కొట్టదు. బరువు తక్కువ. పని భారమై చక్రం నిలిచిపోయినా లోపల కాలిపోయే తీగచుట్టలు లేవు.

ఇన్ని సుగుణాలు ఉన్నందువలననే దీనిపై ఒక ప్రమాదకరమైన నమ్మకం ఏర్పడింది. “కరెంటు కాదు గదా, గాలియే గదా!” అన్న మాటను షెడ్లలో నేను పలుమార్లు విన్నాను. మా మేనమామ కూడా ఆ మాట అనేవారు. “బేటా, గాలితో తిరిగేదానికి భయమెందుకు?” అని నన్ను చూచి నవ్వేవారు.

మామూ పేరుమోసిన పనివాడు. పదునాలుగవ ఏట ఉస్తాదు దగ్గర ఉలి పట్టి, ఇరువది ఏండ్లు రాతిపని చేసి, అటుపిమ్మట గ్రానైటు షెడ్డులో చేరారు. నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా ఆ షెడ్డులో నాలుగంగుళాల డిస్కులు అయిపోయినవి. ఆ నాటి సరుకు ఆ నాడే లారీకి ఎక్కవలెనని తొందర. మేస్త్రీ నాలుగంగుళాల గ్రైండర్‌కు ఏడంగుళాల డిస్కు తెచ్చి, రంధ్రం పెద్దదైనందున నడుమ రేకుముక్క చుట్టి, అడ్డువచ్చిన గార్డును ఊడదీసి, బిగించి మామూ చేతికి ఇచ్చాడు. మీట నొక్కిన కొద్ది క్షణాలకే డిస్కు పగిలింది. ఒక ముక్క వచ్చి మామూ ఎడమ కంటికి తగిలింది. ఆ కన్ను మరల వెలుగు చూడలేదు.

ఆసుపత్రి నుండి తిరిగివచ్చిన తరువాత మామూ గుడ్డలో చుట్టి దాచిన ఆ ముక్కను నా చేతిలో పెట్టి, “దీని మీద ఏమి వ్రాసి ఉన్నది, బేటా?” అని అడిగారు. దానిపై 8,500 అన్న అంకె స్పష్టంగా ఉన్నది. మామూకు అంకెలు రానివి కావు. కూలి లెక్కలో పైసా తేడా వచ్చినా పసిగట్టగలవారు. ఆ అంకె దేనిని గూర్చి చెప్పుచున్నదో ఆయనకు ఎవరూ చెప్పలేదు. డిస్కు ధర అనో, కంపెనీ నంబరు అనో అనుకున్నారట. నిమిషానికి ఇన్ని చుట్లకు మించి నన్ను త్రిప్పవద్దని ఆ చక్రం చేసుకొన్న విన్నపమే ఆ అంకె. ఆయన చేతిలోని గ్రైండర్ తిరిగినది నిమిషానికి 12,000 చుట్లు.

మన భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకంలోని చిన్న సూత్రంతో ఈ విషయాన్ని లెక్క కట్టవచ్చు. నాలుగంగుళాల డిస్కు వ్యాసం సుమారు 100 మిల్లీమీటర్లు. అది నిమిషానికి 12,000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు దాదాపు 63 మీటర్ల వేగంతో, అనగా గంటకు 226 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఇటువంటి డిస్కులకు సాధారణంగా నిర్ణయించిన హద్దు సెకనుకు 80 మీటర్లు. కనుక అది హద్దులోనే ఉన్నది. అదే ఇరుసుకు 180 మిల్లీమీటర్ల ఏడంగుళాల డిస్కును తగిలిస్తే అంచు వేగం సెకనుకు 113 మీటర్లు, అనగా గంటకు 400 కిలోమీటర్ల పైమాట. చక్రాన్ని చీల్చజూచే బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. హద్దు వద్ద ఎంత బలం పడునో దానికి రెట్టింపు బలం ఆ నాడు ఆ డిస్కుపై పడింది. అది పగులుటలో వింత లేదు, పగులకున్ననే వింత. ఈ లెక్క వేయుటకు నాకు పట్టిన సమయం అయిదు నిమిషాలు. నా చదువు ఎందుకు పనికివచ్చునో నాకు మొట్టమొదట తెలిసింది ఆ అయిదు నిమిషాలలోనే.

ఈ ప్రమాదాన్ని మన శాసనకర్తలు ఊహించకపోలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 30వ సెక్షను, సానచక్రం ఎంత వేగం వరకు క్షేమమో, దానిని మోసే ఇరుసు ఎంత వేగంతో తిరుగునో తెలిపే ప్రకటనను ఆ యంత్రం దగ్గరనే శాశ్వతంగా ఉంచవలెనని ఆదేశించింది. 108వ సెక్షను మరొక అడుగు ముందుకు వేసి, అట్టి ప్రకటనలు ఇంగ్లీషుతో పాటు అక్కడి కార్మికులలో అధిక సంఖ్యాకులకు అర్థమయ్యే భాషలో ఉండవలెనన్నది. ఎంత వివేకవంతమైన నియమం! అయితే పట్టుమని పదిమంది లేని చిన్న షెడ్లు సాధారణంగా ఆ చట్టం పరిధిలోకి రాలేదు. మన ప్రాంతపు రాతిపనిలో అధికభాగం జరిగేది అట్టి షెడ్లలోనే. చట్టాల పేర్లు కాలానుగుణంగా మారవచ్చు. ఏ ఇన్‌స్పెక్టరూ తొంగిచూడని చోట పనివానిని కాపాడగలిగినది అతని తెలివిడి ఒక్కటే.

ఆ తెలివిడిలో మొదటి పాఠం చక్రాన్ని గూర్చినది. చక్రం మీది అంకె గ్రైండర్ మీది అంకె కంటే ఎప్పుడూ ఎక్కువగా ఉండవలె, తక్కువగా ఉండరాదు. రంధ్రం ఇరుసుకు సరిగా అమరవలె. బీట వారినది, చేజారి క్రిందపడినది, తడిలో నానినది, మధ్య వలయంపై ముద్రించిన గడువు తీరినది పారవేయవలసినదే. కొత్త చక్రాన్ని బిగించిన తరువాత ఒక నిమిషం పాటు రాతికి తాకించకుండా, ఎవరికీ ఎదురుగా లేకుండా ఉత్తగా త్రిప్పి చూడవలె. కోసే పలుచని చక్రంతో ప్రక్కవాటుగా అరగదీయరాదు. గార్డు పనికి అడ్డు కాదు, అపాయానికి అడ్డు. దానిని ఊడదీసిన గ్రైండర్‌ను చేత పట్టరాదు. కంటికి అద్దాలు, చెవికి బిరడాలు లేకుండా మీట నొక్కరాదు.

రెండవ పాఠం గాలిని గూర్చినది. ఈ పరికరాలు ఎక్కువగా చదరపు అంగుళానికి 90 పౌండ్ల పీడనానికి తయారైనవి. పని త్వరగా కావలెనని పీడనం పెంచితే చక్రం వేగం హద్దు దాటవచ్చు. లోపలి వేగ నియంత్రకం అరిగినా, తుప్పుపట్టి ఇరుక్కున్నా అదే జరుగుతుంది. కనుక అప్పుడప్పుడు వేగమాపకంతో పరీక్షించుట అవసరం. గాలిని నొక్కినప్పుడు అందులోని తేమ నీరై తొట్టి అడుగున చేరుతుంది. ప్రతిదినం ఆ నీటిని వదలకపోతే అది గొట్టం వెంట వచ్చి రెక్కలను, బేరింగులను తినివేస్తుంది. గాలి దారిలో వడపోత, పీడనాన్ని సరిచేసే కవాటం, చుక్క చుక్కగా నూనె అందించే బుడ్డి, ఈ మూడూ ఉండవలె. నూనె బుడ్డి లేనిచోట పని మొదలుపెట్టే ముందు నాలుగు చుక్కల గాలి పరికరాల నూనె గొట్టం మూతిలో వేయుట మంచిది. చక్రం మార్చదలచినప్పుడు కవాటం మూసి, గొట్టంలో మిగిలిన గాలిని కూడా వదలి, ఆ తరువాతనే గొట్టాన్ని విప్పవలె. నిండుగాలితో ఊడిన గొట్టం పాము వలె కొట్టుకొని మనిషిని గాయపరచగలదు. అందుకే అతుకుల వద్ద గొలుసు కట్టుతారు. సాయంత్రం బట్టల మీది దుమ్మును ఆ గాలితోనే దులుపుకొనే అలవాటు మన షెడ్లలో ఉన్నది. అది కంటిని, చెవిని చెరుపగలదు. చర్మం గుండా రక్తంలోనికి గాలి చొరబడి ప్రాణం మీదికి తేగలదు.

మూడవ పాఠం ధూళిని గూర్చినది. విరిగిన చక్రం ఒక్క క్షణంలో కన్ను తీస్తే, ధూళి పదేండ్లు నిరీక్షించి ఊపిరి తీస్తుంది. గ్రానైటులో క్వార్ట్జు ముఖ్యభాగం. దానిని కోసినప్పుడు లేచే ధూళిలో కంటికి కనిపించని సన్నని రేణువులే ఊపిరితిత్తుల లోతులకు చేరి మచ్చలు కట్టుతాయి. ఆ జబ్బు పేరు సిలికోసిస్. దానిని నివారింప వచ్చునే గాని నయం చేయలేరు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్ పరిసరాలలో క్వార్ట్జు పొడి మిల్లులలో పని చేసిన కూలీలు ఈ జబ్బు పాలైన సంగతి పత్రికలలో వచ్చినదే. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు బారీ పట్టణం గ్రానైటుకు ప్రసిద్ధి. పందొమ్మిదవ శతాబ్దాంతంలో అక్కడి షెడ్లలో గాలి పరికరాలు ప్రవేశించగానే పని పెరిగింది, ధూళీ పెరిగింది, ఊపిరితిత్తుల జబ్బుతో రాలిపోయిన పనివారి సంఖ్యా పెరిగింది. 1930వ దశాబ్దం చివర ధూళిని పుట్టినచోటనే పీల్చివేసే గొట్టాలు అమర్చిన పిమ్మట ఆ జబ్బు తగ్గుముఖం పట్టింది. మన షెడ్లకు అందుబాటులో ఉన్న మందు నీరు. రాతిపై నీరు పారుతుండగా కోస్తే ధూళి చాలవరకు లేవదు. మూతికి కట్టిన రుమాలు ఆ సన్నని రేణువులను ఆపలేదు. అందుకు తగిన మాస్కు కావలె.

మరొక మాట. 1918లో డాక్టర్ ఆలిస్ హామిల్టన్ ఇండియానా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్ సున్నపురాతి పనివారిని పరీక్షించి, గాలి సుత్తులు పట్టిన వారి వ్రేళ్లు తెల్లబారి స్పర్శ కోల్పోవుటను నమోదు చేశారు. పరికరపు అదురే అందుకు కారణం. చలి తక్కువైన మన నాట వ్రేళ్లు తెల్లబారుట అంతగా కనిపించకున్నా తిమ్మిరి మాత్రం తప్పదు. సమతూకం తప్పిన చక్రం, అరిగిన బేరింగు ఆ అదురును మరింత పెంచుతాయి. పరికరాన్ని బాగుచేసుకొనుట చేతిని కాపాడుకొనుటయే.

విద్యార్థి మిత్రులారా! పూర్వం ఉస్తాదు షాగిర్దుకు ఉలి ఇచ్చే ముందు దానిని సానపెట్టుట నేర్పేవాడు. పనిముట్టును కాపాడుట పనిలో భాగంగా ఉండేది. గ్రైండర్ మాత్రం ఉస్తాదు లేకుండానే మన ఊళ్లలోకి వచ్చింది. దానితో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉన్నది. ఆ పుస్తకాన్ని చదువగల వారు మనం. ఆ గ్రైండర్‌ను పట్టువారు మన తండ్రులు, మామలు, అన్నలు. ఈ రెంటి నడుమ ఉన్న దూరమే మామూ కన్ను తీసింది.

మన కళాశాలలో రెండు భాషల వారము ఉన్నాము. మన ప్రాంతపు షెడ్లలో పని చేసే వారి మాట కూడా ఈ రెండు భాషలే. కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే. ఈ సంవత్సరం జాతీయ సేవా పథకం శిబిరంలో రోడ్లు ఊడ్చుటతో పాటు ఒక చిన్న పని కూడా చేపట్టుదము. చక్రం మీది అంకెకు అర్థమేమో, గాలిని ఎట్లు వదలవలెనో, నీరు ఎందుకు పారించవలెనో తెలుగులోను, ఉర్దూలోను పెద్ద అక్షరాలతో ఒకే అట్టపై వ్రాసి, పరిసరాలలోని ప్రతి షెడ్డు గోడకు తగిలించుదము. చదువురాని వారికి నిలబడి చదివి చెప్పుదము. ఖర్చు అట్టలకు, రంగులకు మాత్రమే. మామూ తాను వచ్చి ప్రతి షెడ్డులో గ్రైండర్ విప్పి చూపెదనని మాట ఇచ్చారు. ఆయనకు పని తెలుసును, మనకు అంకె తెలుసును. ఇద్దరమూ కలిసి నడిస్తే మరొక ఇంటి కన్ను నిలుస్తుంది.