గరగరలో కడప

కర్నూలు కొండారెడ్డి బురుజుకు దగ్గర్లో, పాత రేడియోలు బాగుచేసే చిన్న దుకాణం. సాయంత్రం పూట అక్కడికి చేరిన ఈ వ్యాసకర్త చూపు బల్ల మీది ఐరోపా సెట్టు మీద నిలిచింది. గల్ఫ్ నుంచి వచ్చిందట. మీడియం వేవ్, షార్ట్ వేవ్ మీటల పక్కన దానికి లాంగ్‌వేవ్ మీట కూడా ఉంది.

"దాంట్లో యాడొస్తాది సార్, ఉత్త గరగరే" అన్నాడు మెకానిక్.

నిజమే. 148.5 నుంచి 283.5 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న ఆ బ్యాండును అంతర్జాతీయ ఒప్పందాలు ఐరోపా, ఆఫ్రికాలున్న ఒకటో మండలానికే ప్రసారాల కోసం కేటాయించాయి. మనది మూడో మండలం. ఇంగ్లండులో బీబీసీ 198 మీద దశాబ్దాలపాటు దేశమంతా వినిపించింది. ఫ్రాన్స్ 2016 చివర్లో తన 162లో మాటా పాటా ఆపేసి, గడియారాలను సరిచేసే సమయ సంకేతాన్ని మాత్రం ఉంచుకుంది.

మన సీమకు దక్కింది మీడియం వేవ్. ఆకాశవాణి కడప కేంద్రం 1963లో మొదలైంది. 900 కిలోహెర్ట్జ్, అంటే 333.3 మీటర్లు, 100 కిలోవాట్లు. మ్యాపులో స్కేలు పెడితే కర్నూలు చిత్రమైన చోట ఉంటుంది: దక్షిణ ఆగ్నేయాన కడప, ఉత్తరాన హైదరాబాద్ (738), రెండూ ఇంచుమించు సమదూరమే. మెకానిక్ ముందుగా ఎల్‌ఈడీ బల్బు ఆర్పాడు. దాని రొద మీడియం వేవ్‌కు పెద్ద శత్రువు. తర్వాత ఒక ట్రాన్సిస్టర్‌లో కడప పట్టి, దాన్ని మెల్లగా తిప్పాడు. లోపలి ఫెర్రైట్ కడ్డీ కొన కడపవైపు తిరగ్గానే స్టేషన్ నీరసించింది, అడ్డంగా పెట్టగానే మళ్లీ లేచింది. కడప ఎటువైపుందో దిక్సూచి లేకుండానే తెలిసిపోయింది!

పగటిపూట ఈ తరంగం నేల వెంబడి సాగుతుంది. తడినేల, సముద్రపు ఉప్పునీరు దాన్ని దూరం మోస్తాయి. ఎండినేల, రాళ్లగుట్టలు తొందరగా మింగేస్తాయి. వానకు మొహం వాచిన సీమకు రేడియోలోనూ ఆ నష్టం తప్పలేదన్నమాట. పాత వాల్వు సెట్లకు ఎర్తు తీగ కట్టినవాళ్లు ఎండాకాలంలో ఆ తీగ పాతిన గుంతలో నీళ్లు పోసేది ఇందుకు సంబంధించిన తిప్పలే: తాగేందుకు కరువైన చోట రేడియోకూ దప్పికే.

రాత్రి లెక్క వేరు. సూర్యాస్తమయం తర్వాత వాతావరణంలోని 'డి' పొర చెదిరిపోతుంది. పగలు అది మింగేసిన తరంగాలు పైపొరల్ని తాకి వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి. స్టేషన్ల మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్ కాబట్టి 900కు రెండడుగులు కిందే 882. శ్రీలంకలోని పుత్తలం నుంచి వచ్చే మత ప్రసారాలు అక్కడ వినిపించేవి. అంతకుముందు తరానికి రేడియో సిలోన్ అంటే షార్ట్ వేవ్, వ్యాఖ్యాత మీనాక్షి పొన్నుదురై గొంతు, తెలుగు సినిమా పాటలు.

ఇప్పుడు దుకాణానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది కర్నూలు ఎఫ్‌ఎం 102.4 శుభ్రంగా రావాలనే. అది చూపు మేర దాటి పెద్దగా పోదు. ముల్లు కదిపి దూరాన్ని వెతికే ఓపిక వాళ్లకు అక్కర్లేదు. మెకానిక్‌కు మాత్రం కడప గొంతు తగిలేదాకా ఏ సెట్టూ బాగైనట్టు కాదు.