పదమూడేళ్ల వాడి టికెట్

డర్హం కౌంటీలోని బీమిష్ మ్యూజియంలో 5 నుంచి 16 ఏళ్ల వాళ్లకు టికెట్ ధర తక్కువ, అంతకంటే చిన్నవాళ్లకు టికెట్టే లేదు. మా వాడికి 13. మీసాలొచ్చే వేళ తనను పిల్లల లెక్కలో వేశారని వాడు మొహం మాడ్చుకున్నాడు. మిగిలిన పౌండ్లు నాకైతే చేదా? పైగా ఒకసారి కొంటే ఆ టికెట్ ఏడాదంతా చెల్లుతుంది. మేముండే న్యూకాసిల్‌కు దగ్గరే కనుక ఊరి నుంచి ఎవరొచ్చినా అక్కడికే తీసుకెళ్తాం.

1970లో దీన్ని మొదలుపెట్టిన ఫ్రాంక్ అట్కిన్సన్, జనం ఏ పాత సామాను ఇస్తామన్నా కాదనలేదట. గని కార్మికుల ఇళ్లు, బడి, కోఆపరేటివ్ దుకాణం ఉన్నచోట విప్పి, తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. పొయ్యిల్లో నిజం బొగ్గే మండుతుంది. నాన్న సింగరేణిలో పనిచేశారు. 1889లో తవ్వకం మొదలైన ఎల్లందులో పుట్టిన నాకు ఆ పొగ వాసన కొత్త కాదు.

మ్యూజియంలోని మహాగనీ డ్రిఫ్ట్ 1958 దాకా నడిచిన అసలు గని. హెల్మెట్లు పెట్టించి, నడుం వంచి నడిపిస్తూ, గైడు మా వాడి వయసడిగాడు. "అయితే పనిలోకి దిగొచ్చు" అన్నాడు. ఒకప్పుడు పసివాళ్లు చీకట్లో గాలి తలుపుల దగ్గర కూర్చుని, బొగ్గు టబ్బు వచ్చినప్పుడల్లా తెరిచి మూసేవారు. 1842 చట్టం ఆడవాళ్లను, పదేళ్లలోపు మగపిల్లలను లోపలికి దించొద్దంది. 1900 నాటికి ఆ హద్దు 13కు పెరిగింది, 1911లో 14 అయింది. మ్యూజియంలోని ఈ గని కార్మికుల ఊరు చూపించేది ఆ 1900ల రోజులనే. మా వాడు అప్పుడే సణుగుడు ఆపి, జీతమెంత, ఎన్ని గంటల షిఫ్టు అని గైడును వదలకుండా పట్టుకున్నాడు. రాయితీ పిల్లల్ని గేటు దాటిస్తుందేమో కానీ, వాళ్లను లోపల నిలబెట్టేది ఇలాంటి మాటే.

రాత్రి తాతకు ఫోన్ చేసి గని దిగానని గొప్పలు పోయాడు.

"పైన కూలకుండ సపోర్టు ఏం పెట్టిన్రురా? కట్టెనా, ఇనుమా? గాలి ఎటు నుంచి ఆడుతుంది?"

వాడు నా వైపు చూశాడు. నాకూ తెలీదు.

"టికెట్ ఇంకా చెల్లుతుంది తాతా, వచ్చే శనివారం చూసి చెప్తా."