పక్కటెముకకు పాకం
కాలాపేటలో ఈ అమెరికా వంటకం వండాలంటే ఓవెన్ కంటే ముందు కావాల్సింది ఇంటి యజమాని అనుమతి

పుదుచ్చేరి నుంచి తూర్పు తీర రహదారి మీద చెన్నై వైపు పది కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే కాలాపేట వస్తుంది. ఆ కాస్త దూరంలోనే పుదుచ్చేరి దాటి తమిళనాడులో అడుగుపెట్టి, మళ్లీ పుదుచ్చేరిలోకి రావాలి. ఫ్రెంచివారు వదిలివెళ్లిన ముక్కచెక్కల సరిహద్దుల ఫలితమది. దారిలో ముస్లింలు ఎక్కువగా ఉండే కోటకుప్పం, ఆరోవిల్‌కు మళ్లే మలుపు, మత్స్యకారుల పల్లెలు. ఆ తర్వాత పార్లమెంటు చట్టంతో 1985లో ఏర్పడిన పాండిచ్చేరి విశ్వవిద్యాలయం. ఏ రెండు మజిలీల్లోనూ వంటింటి వాసన ఒకటి కాదు.

ఈ వాసనల జాబితాను విశ్వవిద్యాలయం ఇంకా పెంచింది. ఈశాన్య రాష్ట్రాలు, కేరళ, ఆంధ్ర, తెలంగాణ, పుదుచ్చేరిలోనే భాగమైనా గోదావరి ఒడ్డున ఉన్న యానాం... ఇన్ని చోట్ల నుంచి వచ్చినవారు ఇక్కడ చదువుకుంటున్నారు. హాస్టల్ మెస్ నచ్చక బయట గది వెతుక్కునేవారికి ఎదురయ్యే తొలి ప్రశ్నల్లో ఒకటి తిండి గురించే. చేపలు తినే ఊరు కాబట్టి మాంసాహారమంటే పెద్దగా పేచీ ఉండదు. చిక్కంతా ఆ మాంసం పందిది అయినప్పుడే.

బార్బెక్యూ పోర్క్ రిబ్స్ వండడం నిజానికి బ్రహ్మవిద్యేమీ కాదు. కిలో బరువున్న పక్కటెముకల చట్రం, చిన్న ఓటీజీ, అల్యూమినియం ఫాయిల్, మూడు గంటల ఓపిక ఉంటే చాలు. ఎముకల వెనక అంటుకుని ఉండే పల్చటి పొరను కత్తి మొనతో లేపి లాగేయాలి. లేకపోతే మసాలా పట్టదు, నమిలేటప్పుడు రబ్బరులా సాగుతుంది. ఉప్పు, కారం, మిరియాల పొడి, వెల్లుల్లి ముద్ద పట్టించి, ఫాయిల్‌లో గట్టిగా చుట్టి, 150 డిగ్రీల వేడి మీద రెండు నుంచి రెండున్నర గంటలు ఉంచాలి. ఈ మాంసంలో గట్టిగా ఉండే కొల్లాజెన్ నిదానంగా కరిగి జెలటిన్‌గా మారితేనే ముక్క మెత్తబడుతుంది. మంట పెంచి తొందరపడితే తోలులా బిగుసుకుపోతుంది. మాంసం వెనక్కి జరిగి ఎముక కొసలు బయటపడితే ఉడికినట్టు.

అసలు పరీక్ష ఆ తర్వాతే. బెల్లం, చింతపండు గుజ్జు, టమాటా సాస్, కాస్త వెనిగర్, కారం కలిపి, ఫాయిల్‌లో ఊరిన రసం పోసి, గరిటెకు అంటుకునే దాకా కాచాలి. ఇంగ్లిషులో గ్లేజ్ అన్నా మనకది పాకమే. దాన్ని మొదట్లోనే పూస్తే తీపి మాడి చేదెక్కుతుంది. అందుకే ఫాయిల్ విప్పి, వేడి 200 డిగ్రీలకు పెంచి, చివరి ఇరవై నిమిషాల్లో రెండు మూడు పూతలుగా పూయాలి. అరిసెల పాకం ఎప్పుడు దించాలో తెలిసిన చేతికి ఇది కొత్త విద్య కాదు. ఓటీజీ లేనివారు ముక్కలను ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించి, పెనం మీద పాకం పట్టించుకోవచ్చు.

పుదుచ్చేరికి కూడా ఇది కొత్త కాదు. పోర్చుగీసువారు వెనిగర్, వెల్లుల్లితో వండుకున్న పంది మాంసం గోవాలో విందాలూ అయితే, ఇక్కడి క్రియోల్ ఇళ్లలో విందాయ్ అయింది. తీపి పూత మాత్రం సైగాన్ దారిలో వచ్చింది. 1881 నాటి ఫ్రెంచి ఉత్తర్వు ప్రకారం తమ కుల, మత ఆచార చట్టాన్ని వదులుకున్నవారు ఫ్రెంచి పౌర చట్టం కిందికి వచ్చారు. వారిలో దళితులు, క్రైస్తవులు ఎందరో. సైనికులుగా, పోలీసులుగా, గుమాస్తాలుగా ఫ్రెంచి ఇండోచైనాకు వెళ్లిన పుదుచ్చేరివాసుల్లో కొందరు వియత్నాం మహిళలను పెళ్లాడి తిరిగొచ్చారు. పంచదారను ముదురు రంగు వచ్చేదాకా కాచి, చేపల సాస్ పోసి, పక్కటెముకలను అందులో దగ్గరపడే దాకా ఉడికించడం వియత్నాంలో ఇంటి వంట. ఆ కుటుంబాలతోపాటు వచ్చిన నెమ్ రోల్స్ ఇప్పటికీ పుదుచ్చేరి హోటళ్లలో దొరుకుతాయి.

మరి బార్బెక్యూ? ఆ మాట కరీబియన్ దీవుల తైనో ప్రజలది. మంటపై మాంసం కాల్చే కర్రల మంచె పేరు స్పానిష్ మీదుగా ఇంగ్లిషుకు చేరింది. పందులను ఆ దీవులకు తెచ్చింది 1493లో కొలంబస్ రెండో యాత్ర. అమెరికా దక్షిణాది తోటల్లో తొడ, నడుము మాంసం యజమానుల బల్ల మీదికి వెళ్తే పక్కటెముకలు, కాళ్లు, పేగులు బానిసల వాటాకు మిగిలేవి. నిప్పుల గుంట దగ్గర రాత్రంతా కాపలా ఉన్నదీ వారే. ఆ మిగులు వాటాయే నేడు ఖరీదైన మెనూల్లోకి ఎక్కింది.

తెలుగు నేలపై మాత్రం ఆ గౌరవం ఇంకా దక్కలేదు. పందుల పెంపకమే జీవనాధారమైన ఎరుకలను బ్రిటిష్ పాలకులు నేరస్థ జాతుల జాబితాకెక్కించారు. 1952లో ఆ చట్టం రద్దయినా ముద్ర పూర్తిగా చెరిగిపోలేదు. చాళుక్యులు, విజయనగర రాజులు వరాహాన్ని రాజముద్ర చేసుకున్నారు, బంగారు నాణేనికీ ఆ పేరే. కానీ పందిని పెంచినవారికి మాత్రం ఊరి చివరే చోటు. 2012, 2019 పశుగణనల మధ్య దేశంలో పందుల సంఖ్య 12 శాతం తగ్గి 90.6 లక్షలకు చేరింది.

వద్దనేవారు చూపే కారణాల్లో రోగ భయం ఒకటి. పూర్తిగా ఉడికిన మాంసంలో బద్దెపురుగు తిత్తులు బతకవు. 63 డిగ్రీల వేడి చేరి, మూడు నిమిషాలు ఆగితే చాలని అమెరికా వ్యవసాయ శాఖ 2011లో తేల్చింది. మెత్తబడాలంటే పక్కటెముకలు 90 డిగ్రీలు దాటాల్సిందే. మెదడులో తిత్తులు ఏర్పడేది మనిషి మలంతో కలుషితమైన నీరు, కూరగాయల ద్వారా కడుపులోకి చేరే గుడ్ల వల్ల. శాకాహారులకూ ఆ ముప్పు తప్పదు.

రెండో కారణం వాసన. ఢిల్లీ పోలీసులు 2007లో ఈశాన్య విద్యార్థుల కోసం వేసిన పుస్తకంలో ఘాటైన వంటకాలతో ఇరుగుపొరుగును ఇబ్బంది పెట్టవద్దని చెప్పి విమర్శల పాలయ్యారు. 2019 నాటి హిందీ సినిమా 'అఖునీ'లో స్నేహితురాలి పెళ్లికి అఖునీ వేసిన పంది మాంసం వండడానికి ఢిల్లీ అద్దె ఇళ్లలో పడే పాట్లే కథ. యజమాని ఇష్టాయిష్టాలు వేరు, వంటింట్లోకి తొంగిచూసే హక్కు వేరు. అద్దె ఒప్పందంలో రాయని ఆ హక్కును చాలామంది యజమానులు ధారాళంగా వాడుకుంటారు.

విచిత్రమేమిటంటే, పాకం పట్టిన పక్కటెముకల వాసన పొరుగింటికి చేరేసరికి అందులో పంది జాడ పెద్దగా తెలియదు. వేగిన వెల్లుల్లి, కాగిన బెల్లం, చింతపండు... ఏ తెలుగింటి పండగ వాసనైనా దాదాపు ఇంతే. ముక్కుకు లేని అభ్యంతరం పేరు వినగానే పుడుతుంది. పాకం కుదరడానికి ఇరవై నిమిషాలు చాలు. కిటికీ మూయకుండా వండుకునే రోజు రావడానికి మాత్రం అంతకంటే చాలా ఎక్కువ ఓపికే కావాలి.